ఉక్కు ఫ్యాక్టరీ కావాలి సరే, దాని పొగ సంగతి?

జమ్మలమడుగు కుర్రోడు: 2007, 2018, 2019, 2023. ఇన్నిసార్లు మన కడప జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీకి కొబ్బరికాయ కొట్టినారు. పిలకాయలు మాత్రం బెంగళూరు బస్సు ఎక్కుతానే ఉండారు. ఇప్పుడేమో 'ఊపిరితిత్తులు పోతాయి, వద్దే వద్దు' అని వాట్సాప్‌లో ఒకటే రచ్చ. ఇంకా పొయ్యే వెలగలేదు సామీ, అప్పుడే పొగకు ఏడుపేంది?

హిందూపురం రైతు: నీకు వెలగలేదబ్బా, మాకు వెలిగి శానా కాలమాయ. మా చేను పక్కనే స్పాంజ్ ఐరన్ బట్టీ, ఉక్కుకు కావాల్సిన ముడి ఇనుమును బొగ్గుతో తయారుచేసేది. పగలు గొట్టంలో సన్నంగా తెల్లపొగ, రాత్రి పది దాటితే నల్లగా దిగుతుంది. బూడిద పట్టే యంత్రానికి కరెంటు బిల్లు ఎక్కువని ఆపేస్తారంట, లోపల పనిచేసే పిల్లోళ్లే చెప్తారు. పొద్దున మల్బరీ ఆకు తాకితే వేళ్లకు మసి. కడుగుదామంటే తడి ఆకు పట్టుపురుగుకు వేయకూడదు, రోగం తగులుతుంది. మసి ఆకేస్తే సరిగ్గా మేయవు. ఆఫీసర్లు వచ్చేదేమో పగలే.

ల్యాబ్ టెక్నీషియన్, కడప: అన్నా, మసి కంటికి కనిపిస్తుంది, అదే నయం. పీఎం 2.5 అనే నుసి కనిపించదు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. గుండెజబ్బు, పక్షవాతం కూడా దాని పుణ్యమే. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. 'పరిమితి లోపలే ఉంది' అని బోర్డు పెడితే నేనైతే నిమ్మళంగా నిద్రపోను. బొగ్గును కోక్ చేసే పొయ్యిల దగ్గర పనివాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఉందని ఎప్పుడో తేలింది. పెరూలోని లా ఒరోయాలో లోహాల కొలిమి వల్ల పిల్లల రక్తంలోకే సీసం చేరింది.

రిటైర్డ్ ఫోర్‌మన్: అమ్మా, అది సీసం, రాగి కరిగించే కొలిమి. మనం మాట్లాడేది ఉక్కు. రెండూ కలిపి జనాన్ని బెదరగొట్టొద్దు. ఫిల్టర్లు సరిగ్గా నడిస్తే దుమ్ము చాలామటుకు అక్కడే ఆగుతుంది. ఇంట్లో కట్టెల పొయ్యి పొగ మీద ఎవరైనా ధర్నా చేశారా?

ల్యాబ్ టెక్నీషియన్, కడప: పాత ఇనుము కరిగించే కరెంటు కొలిమి దుమ్ములోనూ సీసం, కాడ్మియం ఉంటాయి సార్. ఫిల్టరు ఉంటుందని నాకూ తెలుసు. రాత్రి రెండింటికి నడుస్తోందో లేదో చూసేదెవరు? ఇంకోటి, పొయ్యి వెలగకముందే చుట్టుపక్కల పల్లెల్లో ఊపిరి పరీక్షలు చేసి, పిల్లల రక్తంలో సీసం ఎంతుందో రాసిపెట్టాలి. రేపు జబ్బొస్తే 'నువ్వు బీడీ తాగుతావు కదా' అంటారు. ముందటి లెక్క లేకపోతే ఏం చూపిస్తాం? పులివెందుల పక్క రాతినార (ఆస్బెస్టాస్) గనులు గుర్తున్నాయా? ఆ నార తెచ్చే జబ్బు 20, 30 ఏళ్లకు గానీ బయటపడదు. అప్పటికి కంపెనీ ఎక్కడ, కూలీ ఎక్కడ?

హిందూపురం రైతు: మా పక్క బట్టీని ఇంకా పెంచుతారంట. ప్రజాభిప్రాయ సేకరణ పెడతారని చెప్పుకుంటాండారు. ఈ మాట అక్కడ అడగొచ్చా?

ల్యాబ్ టెక్నీషియన్, కడప: అడగాల్సిందే. సభలో వచ్చిన అభ్యంతరాలన్నీ చివర్లో తెలుగులో చదివి వినిపించాలని ఫ్యాక్టరీలకు పర్యావరణ అనుమతులిచ్చే 2006 కేంద్ర నోటిఫికేషన్‌లోనే ఉంది. చదవకుండా ఎవర్నీ లేవనివ్వొద్దు.

రిటైర్డ్ ఫోర్‌మన్: పొగ మీటరు రీడింగు రాత్రింబవళ్లు ఊర్లో బోర్డు మీద కనపడాలని కూడా రాయించు. దానికి నేనూ సంతకం పెడతా. ఫ్యాక్టరీయే వద్దని రాస్తే మాత్రం పెట్టను.