కంప్రెసర్‌లో అటాక్, రిలీజ్: 'పట్టు, విడుపు' అని రాయొచ్చా?

అనంతపురం నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం చెక్కభజన, పండరి భజన పాటలు రికార్డు చేస్తాం. కొత్తగా పనిలో చేరిన పిల్లల కోసం తెలుగులో ఒక కాగితం రాస్తున్నా. స్టీరియో మిక్స్ (కుడి, ఎడమలుగా కలిపిన పాట) మీద రెండు హార్డ్‌వేర్ కంప్రెసర్లు, అంటే శబ్దం మరీ లేచినప్పుడు తగ్గించే పెట్టెలు, ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటాం కదా, ఆ పని గురించి. అటాక్, రిలీజ్ అన్న మాటల దగ్గర ఆగిపోయా. ఒకచోట 'దాడి', 'విడుదల' అని చూశా. దాడి అంటే ఆ పిల్లలకు ఏం తెలుస్తుంది? పట్టు, విడుపు అని రాస్తే నిలబడుతుందా? పెద్దలు చెప్పండి.

కడప నుంచి

తమ్ముడూ, నిలబడుతుంది. ధైర్యంగా రాయి.

అటాక్ అంటే, శబ్దం హద్దు దాటినాక కంప్రెసర్ దాన్ని ఎంతసేపట్లో పట్టుకుంటుందనేది. రిలీజ్ అంటే, శబ్దం తగ్గినాక ఎంతసేపట్లో వదిలేస్తుందనేది. రెండూ కాలానికి సంబంధించిన మాటలు. 'దాడి'లో ఆ కాలం లేదు. గ్రహణం రోజు మన ఇళ్లలో ఏమంటారు? పట్టు స్నానం, విడుపు స్నానం. పట్టు ఎన్ని గంటలకు, విడుపు ఎన్ని గంటలకు అని పంచాంగం చూసి చెప్పుకుంటాం. పట్టడానికీ విడవడానికీ టైం కట్టి చెప్పే అలవాటు తెలుగులో ఎప్పటినుంచో ఉంది. కొత్తగా మాట పుట్టించే పనే లేదు.

రెండు పెట్టెలు ఎందుకో చెప్పడానికి కూడా ఈ జంటే అక్కరకొస్తుంది. నీ చెక్కభజన మిక్స్‌నే తీసుకో. చెక్క 'టక్' మన్న దెబ్బ కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది, బిళ్లల గలగల దాని వెనకాలే వస్తుంది. అదే గురువు పల్లవి ఎత్తుకుని గుంపంతా అందుకున్నప్పుడు పాట లేవడం సెకన్ల మీద జరుగుతుంది. ఒకే పెట్టెకు ఒకే పట్టువిడుపు పెట్టి ఈ రెండింటినీ చూసుకోమంటే దానివల్ల కాదు. పట్టు, విడుపు రెండూ త్వరగా పెడితే ప్రతి దెబ్బకూ పట్టి వదిలి, పట్టి వదిలి, గాయకుడి గొంతును కూడా ఊపేస్తుంది. రెండూ నిదానంగా పెడితే చెక్క దెబ్బ దానికి చిక్కకుండానే వెళ్లిపోతుంది. అందుకని మొదటిది దెబ్బను పట్టి వెంటనే వదలాలి, రెండోది పాటను మెల్లగా పట్టి మెల్లగా వదలాలి. పని ఇద్దరు పంచుకుంటున్నారు కాబట్టి ఒక్కోటి ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. ఒక్కదాని నెత్తినే ఆ బరువంతా పెడితే వచ్చే నలుగుడు అప్పుడు వినబడదు.

ఒక జాగ్రత్త. ఆ 'టక్' లేకుండా పోతే చెక్కభజనే లేదు. మొదటి పెట్టె పట్టు మరీ త్వరగా ఉంటే దెబ్బ మొనే పోతుంది. కాస్త ఆలస్యం చేసి, మొన దాటనిచ్చి, వెనక మోతను పట్టుకోనివ్వాలి. మీటరు చూసి కాదు, చెక్క విని తిప్పమని రాయి.

ఇక నాబ్‌ల సంగతి. 'అటాక్ పెంచు' అని మాత్రం ఎక్కడా రాయొద్దు. పెంచడమంటే మిల్లీసెకన్లు పెంచడమా, చురుకు పెంచడమా? 1176 అనే కంప్రెసర్‌లో పట్టు 20 మైక్రోసెకన్ల నుంచి 800 మైక్రోసెకన్ల దాకా ఉంటుంది, నాబ్‌ను కుడివైపు తిప్పేకొద్దీ పట్టు త్వరగా అవుతుంది. చాలా పెట్టెల్లో దీనికి తిరగబడి ఉంటుంది. 'పట్టు త్వరగా', 'పట్టు ఆలస్యంగా' అని రాశావంటే ఏ పెట్టె ముందు కూర్చున్నా పిల్లలు తడబడరు. ఎల్ఏ-2ఏ అనే ఇంకో కంప్రెసర్‌లో అయితే ఆ నాబ్‌లే లేవు. పట్టు సుమారు 10 మిల్లీసెకన్లు. విడుపు రెండు అంచెల్లో జరుగుతుంది: సగం దాదాపు 60 మిల్లీసెకన్లలో వదిలేస్తుంది, మిగతాది వదలడానికి 1 నుంచి 15 సెకన్ల దాకా పడుతుంది. అంతకుముందు ఎంత గట్టిగా, ఎంతసేపు పట్టిందన్నదాన్ని బట్టి ఆ విడుపు మారుతుంది.

ధర్మవరం నుంచి

అన్నా, మా పక్క పట్టు అంటే మొదట చీరే గుర్తుకొస్తాది. ఉత్త 'పట్టు' అని రాస్తే తికమక కాదా? ఇంకోటి, పట్టు పట్టినాక విడవడం కంటే చావడం మేలని వేమన చెప్పినాడు కదా. మన మాటలో పట్టుకు ఉండే గౌరవం విడుపుకు లేదనిపిస్తాది నాకు.

కడప నుంచి

మంచి మాట అడిగినావు. విడిగా రాస్తే తికమకే, అందుకే మొదటిసారి జంటగా పరిచయం చేయాలి. పక్కన విడుపు ఉంటే చీర అనుకునేవాళ్లుండరు. వేమన చెప్పింది మనిషి పూనిక గురించి. నలుగురిలో మెలిగేటప్పుడు 'కాస్త పట్టువిడుపులుండాలి' అని మన పెద్దలే చెప్తారు, అక్కడ విడుపుదే పెద్దరికం. మిక్స్‌లో కూడా అంతే. పట్టు తప్పు పెడితే ఒక దెబ్బ పాడవుతుంది, విడుపు తప్పు పెడితే పాటంతా పాడవుతుంది. తర్వాతి దెబ్బ వచ్చేలోపు వదలని కంప్రెసర్ కింద పాట ఊపిరాడనట్టు ఉంటుంది.

కర్నూలు నుంచి, ఫిజిక్స్ టీచర్

నాదొక మనవి. కంప్రెషన్‌కు 'సంపీడనం' అని మాత్రం రాయకండి. మా ధ్వని పాఠంలో గాలిలో ధ్వని ప్రయాణించేటప్పుడు ఏర్పడేవే సంపీడనాలు, విరళీకరణాలు. తెలుగు మీడియం పిల్లలకు ఆ మాట అక్కడే ముద్రపడి ఉంటుంది. శబ్దం హెచ్చుతగ్గులను అదుపు చేసే పెట్టెకు కూడా అదే మాట వాడితే, ఇది గాలిని నొక్కుతుందనుకుంటారు. 'నొక్కు' కూడా వద్దంటాను. నొక్కి పలకడమంటే ఆ అక్షరం పైకి తేలేలా పలకడం, ఇక్కడ జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. కంప్రెసర్‌ను కంప్రెసర్ అనే ఉంచండి, అది చేసే పనిని 'అదుపు' అనండి.

ఒకదాని వెనక ఒకటి పెట్టడానికి కొత్త మాట వెతకక్కర్లేదు. నిరోధాల పాఠంలో శ్రేణి సంధానం, సమాంతర సంధానం చదివే ఉంటారు. మీది శ్రేణి.

కడప నుంచి

సార్, శ్రేణి బాగా కుదిరింది. 'అదుపు' కూడా నాకు నచ్చింది. అదుపు తప్పినదాన్నే పట్టుకుంటుంది, తప్పనిదాని జోలికి పోదు.

మిగిలింది త్రెషోల్డ్, అంటే నేను మొదట చెప్పిన హద్దు. మా ఊరివాడిని కాబట్టి పక్షపాతం అనుకోకండి, దాన్ని 'గడప' అనాలి. తిరుమలకు గడప కాబట్టే మాది దేవుని గడప, అదే కడప అయిందని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెప్తారు. గడప గోడ కాదు, దాటొచ్చు. దాటినదానికే లెక్క మారుతుంది.

తమ్ముడూ, శ్రేణిలో రెండు గడపలు ఉంటాయని కాగితంలో లెక్కతో చూపించు. రెండు గడపలూ ఒకే ఎత్తులో ఉన్నాయనుకో. శబ్దం గడప మీద 6 డెసిబెల్స్ లేచింది. మొదటిదాని నిష్పత్తి 2:1, అంటే గడప మీద లేచిన ప్రతి 2కు 1 మాత్రమే బయటికి పంపుతుంది, కాబట్టి 3 మిగిలాయి. రెండోది 1.5:1, అక్కడ 2 మిగిలాయి. 6 కాస్తా 2 అయింది, అంటే మొత్తం మీద 3:1. నిష్పత్తులు కూడుకోవు, హెచ్చవుతాయి. ఇప్పుడు మొదటిదాని చివర తగ్గినదాన్ని భర్తీ చేద్దామని 3 డెసిబెల్స్ పెంచావనుకో. రెండోదాని గడప మీదికి 3 బదులు 6 వస్తాయి, అది 1 డెసిబెల్ తగ్గించాల్సిన చోట 2 తగ్గిస్తుంది. అంతదాకా గడప లోపలే ఉన్న మెత్తటి మాటలు కూడా కొన్ని దాటేస్తాయి. రెండో పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు, అయినా దాని పని మారిపోయింది. కొత్తవాళ్లు గంటల తరబడి తిప్పలు పడేది ఇక్కడే.

అనంతపురం నుంచి

అందరికీ చాలా థాంక్స్. ఇట్లా రాసుకున్నా, తప్పుంటే దిద్దండి:

"రెండు కంప్రెసర్లు శ్రేణిలో. మొదటిదానికి పట్టు కొంచెం ఆలస్యంగా, విడుపు త్వరగా. రెండోదానికి పట్టు, విడుపు రెండూ నిదానంగా. మొదటిదాని చివర ఎంత పెంచినా, రెండోదాని గడప మళ్లీ చూసుకోవాలి. కంప్రెసర్ పెట్టి, తీసి పోల్చేటప్పుడు రెండూ ఒకే బిగ్గరలో వినాలి, లేకపోతే బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది."

కడప నుంచి

బాగుంది. ఒక్క వాక్యం చేర్చు: కుడి, ఎడమ లింకు వేసి ఉండాలి, అంటే రెండు వైపులూ ఒకేసారి, ఒకేలా తగ్గాలి. లింకు లేకుండా కుడివైపు చెక్క గట్టిగా మోగితే కుడి ఒక్కటే తగ్గుతుంది, నడిమధ్య ఉన్న గురువు గొంతు ప్రతి దెబ్బకూ ఎడమకు జరుగుతుంది. ఇది రెండు పెట్టెలకూ వర్తిస్తుందని రాయి, ఒకదానికి వేసి రెండోది మర్చిపోతుంటారు.