గొర్రె పేరున్న ద్రాక్షను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న (అనువాదకురాలు)

పెద్దలకు నమస్కారం. ఇటలీ ప్రయాణ వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. ఏడ్రియాటిక్ సముద్రం వైపున్న మార్కే, అబ్రుజో ప్రాంతాల్లో పండే ‘పెకొరీనో’ అనే తెల్ల ద్రాక్ష గురించి అందులో రెండు పేజీలున్నాయి. ఇటాలియన్‌లో ‘పెకొర’ అంటే గొర్రె. నేను ‘గొర్రెద్రాక్ష’ అని రాసి పంపితే, సరిచూసినవారు దాన్ని కొట్టేసి పక్కన ‘జున్నా?’ అని రాశారు. గొర్రెపాలతో చేసే చీజుకూ అదే పేరు కాబట్టి వారిని తప్పుపట్టలేను. (చీజును జున్ను అనవచ్చా అనే పోట్లాట ఇంకో రోజు పెట్టుకుందాం.) పేరును అనువదించాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా? ఇంకో చిక్కు: ఈ వైన్‌ను ‘డ్రై’ అంటారు. ‘పొడి వైన్’ అని రాస్తే మా అమ్మ చదివి, “నీళ్లలో కలుపుకోవాలా?” అని అడిగింది.

జవాబు (విశ్రాంత తెలుగు ఉపన్యాసకులు)

అమ్మా, ‘గొర్రెద్రాక్ష’ తెలుగు చెవికి నాసిరకంలా వినిపిస్తుంది. కుక్కతులసి, కాకిదొండ చూడండి. జంతువో పక్షో పేరుకు ముందు చేరితే అది అసలుది కాదు, ఎక్కడో పొదల్లో మొలిచిందనే ధ్వని వస్తుంది. మేకమేయని ఆకు అని ఒక తీగ ఉంది. మీ ద్రాక్ష కథ దానికి సరిగ్గా తలకిందులు, దీన్ని గొర్రెలు మెచ్చి మేసేవట.

అయితే జంతువు పేరు వల్లనే చిన్నతనం వస్తుందనీ అనలేం. అమరకోశంలో ద్రాక్ష పర్యాయపదాలు ఇవి: ‘మృద్వీకా గోస్తనీ ద్రాక్షా స్వాద్వీ మధురసేతి చ’. గోస్తని అంటే ఆవు చన్ను, పండు ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. విచిత్రమేమిటంటే రోమన్లకూ ‘బుమాస్తుస్’ అనే ద్రాక్ష ఉండేది. గ్రీకు నుంచి వచ్చిన ఆ మాటలోనూ ఆవు పొదుగే ఉంది. ఎక్కడి సంస్కృతం, ఎక్కడి గ్రీకు! ఇద్దరి కంటికీ గుత్తిలో ఒకటే కనిపించింది.

జవాబు (ఇటలీలో చదువుకుంటున్న సభ్యుడు)

మాస్టారూ, ఇక్కడ ఆకారం పోలిక లేదు. మన గొల్లలు, కురుమల లాగే ఇక్కడి కాపరులూ కొండల నుంచి మైదానాలకు మందను వలస తోలుకుపోయేవారు. ఈ ద్రాక్ష మిగతావాటికంటే ముందే పండుతుంది, తియ్యగా ఉంటుంది. దారిలో గొర్రెలు తోటల్లోపడి మేసేవట. పేరుకు జనం చెప్పుకునే కథ అది.

గొర్రెలు మెచ్చినా రైతులు మెచ్చలేదు. గుత్తి చిన్నది, దిగుబడి తక్కువ. ఎక్కువ కాసే ట్రెబ్బియానో అనే ద్రాక్ష వేసుకుని దీన్ని దాదాపు వదిలేశారు. 1980ల్లో గ్విదో కొచ్చి గ్రిఫోని అనే తోటదారు ఆర్క్వాతా దెల్ ట్రోంతో కొండ ఊళ్లో మిగిలిన ముసలి తీగలను వెదికి, కొమ్మలు తెచ్చి తన తోటలో అంటు కట్టాడు. 1990 పంట నుంచి సీసాలకెక్కింది. 2011లో ‘ఒఫీదా’ ప్రాంతపు వైన్లకు ఇటలీలో అత్యున్నతమైన డీఓసీజీ హోదా దక్కింది. ‘ఒఫీదా పెకొరీనో’ అని రాయాలంటే కనీసం 85 శాతం ఇదే ద్రాక్ష ఉండాలి.

అక్కా, రంగు దగ్గర కూడా జాగ్రత్త. ‘తెల్ల’ వైన్ అంటాం కానీ గ్లాసులో తెలుపు కనిపించదు. ఇటాలియన్లు ‘పాలియెరీనో’ అంటారు, అంటే గడ్డిరంగు. కొత్త వరిగడ్డి వామిని ఎండలో చూస్తే ఎలా ఉంటుందో అలా.

జవాబు (హైదరాబాద్ సభ్యురాలు)

పేరు ఉంచేయండి. మా చిన్నప్పుడు బండి మీద ‘అనాబ్‌షాహి’ అని అరిచి అమ్మేవారు. అనాబ్-ఎ-షాహి అంటే రాచద్రాక్ష. ఎవరైనా ‘రాచద్రాక్ష కిలో ఇవ్వండి’ అన్నారా? అది తినే పండు, ఇది వైన్ పండు, కానీ పేరు విషయంలో సూత్రం ఒకటే.

జవాబు (ఉపన్యాసకులు)

ఒప్పుకుంటాను. కౌటిల్యుడు కూడా అర్థశాస్త్రంలో ద్రాక్షరసంతో చేసిన మద్యాన్ని ‘మధు’ అని, దానికి దేశాన్ని బట్టి కాపిశాయనం, హారహూరకం అని పేర్లు చెప్పాడు. కాపిశి నేటి అఫ్గానిస్తాన్‌లోని బగ్రాం దగ్గర ఉండేది. ఒఫీదా పేరుతో సీసా అమ్మడం ఆయనకు వింతగా తోచేది కాదు.

‘డ్రై’కి ‘పొడి’ వద్దు. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్టు దాదాపు పూర్తిగా ఆల్కహాలుగా మార్చేస్తే తీపి మిగలదు, అంతే కదా. ‘చప్పని’ అంటే రుచే లేదని అర్థం. ‘వగరు’ అంటే నాలుక పట్టేసే గుణం, అది వేరే సంగతి. ‘తీపి లేని’ అనండి.

జవాబు (ఇటలీ సభ్యుడు)

ఆ పక్కనే ‘పులుపు’ కూడా చేర్చాలి. తీపి బాగా పట్టినా పులుపు తగ్గకపోవడమే ఈ పండు ప్రత్యేకత. చక్కెర ఎక్కువ కాబట్టి వైన్‌లో ఆల్కహాలు ఎక్కువ, పులుపు వల్ల అది నాలుక మీద మొద్దుగా అనిపించదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను: “పెకోరినో అనే ద్రాక్షకు గొర్రె మీదుగా పేరు వచ్చింది. వలసదారిలో మందలు దీన్ని మేసేవని చెబుతారు. దీని వైన్ వరిగడ్డి రంగులో, తీపి లేకుండా, పుల్లగా, ఘాటుగా ఉంటుంది.” చీజు గొడవకు ఒక వాక్యం విడిగా పెట్టాను.

జవాబు (ఉపన్యాసకులు)

బాగుంది. ‘గొర్రె మీదుగా’ అంటే గొర్రెను దాటి వచ్చినట్టుంది, ‘గొర్రె నుంచి’ చాలు. ‘ఘాటు’ మిరపకాయకు వదిలేయండి. ‘కో’ దీర్ఘం కాదు, ‘రీ’ దీర్ఘం. ప్రశ్నలో మీరే సరిగ్గా రాశారు.