పెళ్ళి పనులు పంచేస్తే టెన్షన్ తగ్గుతుందా, పెరుగుతుందా?

తొమ్మిది వారాలు:
మా పెళ్ళికి ఇంకా తొమ్మిది వారాలుంది. నిన్న అర్ధరాత్రి దాటాక రెండింటికి లేచి, పిలుపుల జాబితా తెరిచి, ఒకే పేరును మూడోసారి కొట్టేసి మళ్ళీ రాశాను. పక్క గదిలో అమ్మ కూడా మేలుకునే ఉంది. ఇద్దరం నిద్రపోతున్నట్టు నటించాం.

"అన్నీ నెత్తిన వేసుకుంటే ఇంతే, పనులు పంచెయ్" అని అక్క అంటోంది. పంచి చూశాను. డెకరేషన్ తమ్ముడికి అప్పజెబితే రోజుకు ఆరుసార్లు ఫోన్, ఈ రంగా ఆ రంగా అని. ఫొటోల సంగతి పిన్ని చూసుకుంటానంది. ఆవిడ ఒకాయనకు మాటిచ్చేసిన రోజే మేము ఇంకొకరిని ఖాయం చేసుకున్నాం. పిన్ని ఇప్పటికీ ముఖం చాటేస్తోంది. పనికి పని అలాగే ఉంది, అలకలు అదనం. నిజంగా పంచితే తగ్గుతుందా? "రిలాక్స్ అవ్వు" అనేవాళ్ళు దయచేసి రాయకండి.

ముగ్గురు చెల్లెళ్ళ అన్న:
పంచాల్సిందే అమ్మా. మూడు పెళ్ళిళ్ళు దగ్గరుండి చేశాను. మొదటిదానికి అన్నీ నేనే. ఆ రోజుకి గొంతు పోయింది, ఏ ఫొటోలో చూసినా చెవి దగ్గర ఫోనే. మూడోదానికి ఒక టీమ్‌కి అప్పగించి కుర్చీలో కూర్చున్నాను. చెల్లెలు నవ్వడం చూశాను. మొదటి చెల్లెలు ఆ రోజు నవ్విందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

గళ్ళచొక్కా:
నేను ఒప్పుకోను అన్నా. పని చెయ్యడం కంటే చేసేవాడిని కనిపెట్టుకుని ఉండటం కష్టం. మేము పిలుపులు తగ్గించుకుని ఇద్దరమే చేసుకున్నాం. ఏది ఎక్కడిదాకా వచ్చిందో ఇద్దరికీ తెలుసు. అలిసిపోయాం, కానీ ఎవరిమీదా కోపం రాలేదు. టెన్షన్ తగ్గాలంటే పెళ్ళిని చిన్నది చేసుకోండి, పంచుకునేవాళ్ళను పెంచకండి.

చివరి బెంచీ:
అసలు ఇందులో టెన్షన్ ఏమిటండీ? సంతోషపడాల్సిన సంగతి. మన ముందువాళ్ళెవరూ ఇంత గోల చెయ్యలేదు.

వినే చెవి:
చివరి బెంచీ గారూ, మీ ముందువాళ్ళలో ఒకరిని పక్కకు పిలిచి అడగండి, చెప్తారు. సంతోషమైనా దుఃఖమైనా మార్పు మార్పే, ఒంటికి రెండూ బరువే. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు 43 జీవిత ఘటనలకు జనం చేత మార్కులు వేయించారు. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్ళికి 50, ఉద్యోగం పోవడానికి 47. అంటే పెళ్ళిది మూడు మార్కులు ఎక్కువే.

ఇక అసలు ప్రశ్న. మీరు పంచింది పనిని మాత్రమే, నిర్ణయం మీ దగ్గరే ఉండిపోయింది. అందుకే తమ్ముడు ఆరుసార్లు ఫోన్ చేస్తున్నాడు. పిన్నిగారి విషయంలో ఉల్టా అయింది. నిర్ణయం ఆవిడకు ఇచ్చారు, ఇచ్చిన సంగతి ఇంట్లో మిగతావాళ్ళకు చెప్పలేదు. ఖర్చు ఇంత దాటకూడదు, ఈ రెండు మాత్రం వద్దు, తక్కినదంతా నీ ఇష్టం అని చెప్పి వదిలెయ్యాలి. అలా వదల్లేని పని ఏదైనా ఉంటే అది పంచకండి, మీరే చేసుకోండి.

గళ్ళచొక్కా:
రెండో పేరా బాగుంది. మొదటిది మాత్రం నాకు నప్పలేదు. ఆ 50 ఎవరూ కొలిచి తేల్చింది కాదు. పెళ్ళికి ఒక అంకె వాళ్ళే ముందుగా ఇచ్చేసి, మిగతావాటిని దాంతో పోల్చి మార్కులు వెయ్యమన్నారు. వేసినవాళ్ళు 394 మంది, అదీ అరవై ఏళ్ళ కిందటి సంగతి. దాన్ని చూసి ఇప్పుడు ఒకమ్మాయి తన బుర్రలో ఎంత బరువుందో తేల్చుకోలేదు కదా.

వినే చెవి:
నిజమే, పెళ్ళిని కొలబద్దగా పెట్టుకున్నారు. కానీ ఆ కొలబద్ద పక్కన పెట్టి చూసి, ఉద్యోగం పోవడం కాస్త తేలికే అన్నది ఆ జనమే కదండీ. నేను చెప్పాలనుకున్నది అంతే.

రాత్రి రెండింటి సంగతి మరిచిపోయాను. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంవాళ్ళు 57 మందిని ల్యాబ్‌లో పడుకోబెట్టి చూశారు. పడుకునే ముందు 5 నిమిషాలు, చెయ్యాల్సిన పనులు రాసినవాళ్ళకు, చేసేసిన పనులు రాసినవాళ్ళకంటే సుమారు 9 నిమిషాల ముందే నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. "బట్టలు" అని కాదు, "మంగళవారం సాయంత్రం దర్జీకి ఫోన్, చేతుల పొడవు చెప్పాలి" అని. చిన్న అధ్యయనమే, గళ్ళచొక్కా గారు అనేలోపు నేనే చెప్పేస్తున్నా. కాగితం ముక్కతో పోయేదేముంది, ప్రయత్నించండి.

గళ్ళచొక్కా:
😄 ఈసారి ఊరుకుంటున్నా.

ముగ్గురు చెల్లెళ్ళ అన్న:
అప్పగించి కుర్చీలో కూర్చున్నానని రాశాను కదా, అంతకుముందు ఆ టీమ్‌తో రెండు వారాలు వాదించాను. అది రాయలేదు.

తొమ్మిది వారాలు:
వారం తర్వాత వచ్చి రాస్తున్నా, ఇప్పుడు ఎనిమిది వారాలే. తమ్ముడికి ఖర్చు హద్దు చెప్పి, ప్లాస్టిక్ పూలు వద్దు, మెరిసే లైట్లు వద్దు, ఇక నన్నేమీ అడగొద్దు అన్నాను. "నిజంగానా?" అని రెండుసార్లు అడిగాడు. వాడు ఎంచిన వంకాయరంగు నాకు అస్సలు నచ్చలేదు. నోరు మూసుకోవడానికి ఒక పూట పట్టింది. ఫోన్లు మాత్రం ఆగాయి.

పిన్ని ఇంటికి వెళ్ళి తప్పు మాదేనని చెప్పాను. కాసేపు తిట్టింది, తర్వాత శుభలేఖల మీద చిరునామాలు తనే రాస్తానని కట్ట తీసుకుంది.

కాగితం కూడా రాస్తున్నా. అన్నీ ఎక్కుతున్నాయి, ఆ ఒక్క పేరు తప్ప. అది ఎవరికి అప్పజెప్పాలో తెలియడం లేదు.

వినే చెవి:
అమ్మగారిని అడిగారా? ఆవిడా మేలుకునే ఉన్నారన్నారుగా.

తొమ్మిది వారాలు:
ఇప్పుడే అడిగా. ఆవిడా ఆ పేరు దగ్గరే ఆగిందట.