పిల్లికి రెండు రోజులుగా విరేచనాలు: మాత్ర వేయవచ్చా, పస్తు పెట్టవచ్చా?

ప్రశ్న – తెనాలి నుంచి

మా ఇంట్లో నాలుగేళ్ల మగపిల్లి ఉంది. పేరు పండు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము. నాలుగున్నర కిలోల బరువుంటుంది, వరండా దాటి బయటికి వెళ్లదు. శనివారం ఉదయం నుంచి దానికి విరేచనాలు అవుతున్నాయి. రోజుకు ఐదారుసార్లు ఇసుక పెట్టెలోకి వెళ్లి, ప్రతిసారీ కొద్దికొద్దిగా, జిగురు కలిసిన పలచని మలం వదులుతోంది. నిన్న రెండుసార్లు పసుపుపచ్చని నురగ కక్కింది. తిండి సగానికి తగ్గింది కానీ మందకొడిగా ఏమీ లేదు. కిటికీ అవతల పిచ్చుక వాలితే మునుపటిలాగే పళ్లు టకటకలాడిస్తోంది.

నాకు తెలిసి జరిగిన మార్పులు రెండే. ఎప్పుడూ తెచ్చే డ్రై ఫుడ్ దొరకక గురువారం వేరే రకం తెచ్చి, ఆ పూట నుంచే గిన్నె నిండా అదే పోశాను. రెండోది, పది రోజుల క్రితం ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, పిల్లి చిక్కిపోయిందని రోజూ రెండు పూటలా గేదెపాలు కలిపిన అన్నం పెడుతున్నారు. మందుల షాపులో అడిగితే, మనుషులకు విరేచనాలు కట్టడానికి వాడే మాత్ర ఇచ్చి పావు ముక్క వేయమన్నారు. ఇంకా వేయలేదు. వేయవచ్చా? ఒక రోజంతా పస్తు ఉంచితే కడుపు కుదుటపడుతుందని మరొకరు అన్నారు. అది మంచిదేనా?

జవాబు – విశాఖపట్నం నుంచి, పదిహేనేళ్లుగా పిల్లులను పెంచుతున్నాను

ముందు ఆ మాత్రను పక్కన పడేయండి. పిల్లి కాలేయానికి మన మందులు చాలావాటిని విరిచి బయటికి పంపే శక్తి తక్కువ. జ్వరానికి మనం ఇట్టే మింగేసే పారాసిటమాల్ ఒక్క మాత్రతో పిల్లి ప్రాణం పోవచ్చు. మీకిచ్చింది అది కాకపోవచ్చు, కానీ మనిషి మోతాదును నాలుగు ముక్కలు చేస్తే పిల్లి మోతాదు అవుతుందన్న లెక్కే తప్పు.

మీరు చెప్పిన రెండు కారణాలూ గట్టివే. పాలు మరిచిన పిల్లి కడుపులో, పాలలోని చక్కెరను జీర్ణం చేసే లాక్టేజ్ అనే ఎంజైమ్ క్రమంగా తగ్గిపోతుంది. అరగని ఆ చక్కెర పేగుల్లోకి నీటిని లాగుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెడతాయి. ఉబ్బరం, పలచని విరేచనం దాని ఫలితమే. పైగా గేదెపాలలో వెన్న ఎక్కువ. పిల్లికి పాలు పోయడం మనకు తరాల అలవాటు కాబట్టి అత్తయ్యగారిని తప్పుపట్టలేము కానీ, పిల్లి ఇష్టంగా తాగడం వేరు, దాని ఒంటికి పడటం వేరు.

మేత మార్పు సంగతికి వస్తే, కొత్తదానిని పాతదానిలో నాలుగో వంతు కలపడంతో మొదలుపెట్టి, ఏడు నుంచి పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. ఇంకో మాట, ఇంట్లో కూర ముక్కలు కడిగి పెట్టే అలవాటు ఉంటే మానేయండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ముక్కను ఎంత కడిగినా లోపలికి ఇంకిన పులుసు పోదు.

జవాబు – విశ్రాంత పశువైద్యుడిని

అమ్మా, మీరు వివరంగా రాశారు కాబట్టి నేనూ కొంత వివరంగానే చెబుతాను. కొద్దికొద్దిగా, మాటిమాటికీ, జిగురుతో పోతున్నదంటే ఇబ్బంది ఎక్కువగా పెద్దపేగులో ఉన్నట్టు లెక్క. చిన్నపేగు చెడితే వెళ్లడం తక్కువసార్లే అయినా ప్రతిసారీ ఎక్కువగా పోతుంది, నాలుగు రోజులకే బరువు తగ్గుతుంది. ఈ తేడాను మీ ఊరి డాక్టరుకు చెప్పగలిగితే ఆయన పని సగం తేలికవుతుంది. వీలైతే ఆనాటి మలాన్ని చిన్న మూత డబ్బాలో తీసుకెళ్లండి. మైక్రోస్కోపు కింద చూస్తే ఏలికపాముల గుడ్లు కనిపిస్తాయి, జియార్డియా వంటి ఏకకణ జీవులూ ఒక్కోసారి దొరుకుతాయి.

పస్తు మాట నేను ఒప్పుకోను. కుక్కకు చెల్లే సలహాను పిల్లికి అంటగట్టడం వల్ల వచ్చిన పొరపాటు అది. పిల్లి, ముఖ్యంగా ఒళ్లు చేసిన పిల్లి, రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వంతా ఒక్కసారిగా కాలేయంలోకి చేరి, విరేచనాల కంటే వంద రెట్లు ప్రమాదమైన జబ్బు తెచ్చిపెడుతుంది. వాంతి అయిన తరువాత రెండు మూడు గంటలు కడుపుకు విశ్రాంతి ఇస్తే చాలు. ఆ పైన ఎముకలు లేని కోడిమాంసాన్ని ఉప్పు, పసుపు, నూనె ఏవీ లేకుండా ఉడికించి, వేళ్లతో పీచులుగా తీసి, ఒక్కోసారి రెండు చెంచాల చొప్పున రోజుకు ఐదారుసార్లు పెట్టండి. ఆ ఉడికించిన నీళ్లనే చల్లార్చి పక్కన పెడితే చాలా పిల్లులు తాగుతాయి. సిరంజితో బలవంతంగా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ పథ్యం మూడు నాలుగు రోజులకే. పిల్లికి అత్యవసరమైన టారిన్, కాల్షియం వంటివి ఉడికించిన మాంసంతో సరిపడా అందవు. టారిన్ కరువైతే కంటిచూపు, గుండె రెండూ దెబ్బతింటాయి.

నీరు తగ్గిందో లేదో ఇంట్లోనే కొంత చూసుకోవచ్చు. రెండు భుజాల మధ్య చర్మాన్ని మెల్లగా పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. గుడారంలా కాసేపు నిలబడితే, చిగుళ్లు తడిగా కాక బంకగా తగిలితే, ఇంటి వైద్యం మాని సెలైన్ ఎక్కించడానికి తీసుకువెళ్లాలి. రక్తం పడినా, మలం తారులా నల్లగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, ఇరవై నాలుగు గంటలు ఏమీ ముట్టకపోయినా ఆలస్యం చేయరాదు. మగపిల్లి కాబట్టి ఇంకొకటి గమనించండి. ఇసుక పెట్టెలో కూర్చుని ముక్కుతున్నది మలానికా, మూత్రానికా? మూత్రం అడ్డుపడిన మగపిల్లిని మలబద్ధకం అనుకుని రెండు రోజులు చూసి, మూడో రోజు నా బల్ల మీదకు తెచ్చినవారు ఎందరో ఉన్నారు. అది గంటల్లో తేల్చవలసిన సంగతి.

టీకాలు సరిగా పడ్డాయని అనుకుంటాను. టీకా లేని పిల్లి కూనకు వాంతులు, విరేచనాలు, జ్వరం కలిసి వస్తే పాన్ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బును అనుమానించి, ఒక్క పూట కూడా ఎదురుచూడకూడదు. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌తో చావదు, నీళ్లు కలిపిన బ్లీచింగ్ ద్రావణం కావాలి. మీ పండు వయసుకూ లక్షణాలకూ అది కాదనే నా అభిప్రాయం. మీకు అందుబాటులో గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ఊళ్లో పిల్లులను చూసేవారు లేకపోతే అక్కడికి వెళ్లవచ్చు.

జవాబు – హైదరాబాద్ నుంచి

మా ఇంట్లో మూడు తరాలుగా పిల్లులు పెరుగన్నం తిని బతికాయి. ఒక్కదానికీ ఏమీ కాలేదు. ఇప్పటివారు మరీ భయపెడుతున్నారు.

జవాబు – విశ్రాంత పశువైద్యుడిని

పెరుగులో పాలచక్కెర కొంత తగ్గుతుంది కాబట్టి కొన్ని పిల్లులు తట్టుకుంటాయి, ఆ మాట నిజమే. అయితే ఆ రోజుల్లో పిల్లి మన పెరుగన్నం తిని, రాత్రి ధాన్యపు గాదె దగ్గర ఎలుకను కూడా తినేది. దాని టారిన్ ఎలుకలో ఉంది. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉన్న పిల్లికి ఆ సౌకర్యం లేదు.

జవాబు – వరంగల్ నుంచి

డాక్టరుగారు వాంతుల గురించి చెప్పినదానికి ఒక అనుభవం జోడిస్తాను. నిరుడు సంక్రాంతి తరువాత మా పిల్లి నాలుగుసార్లు కక్కింది. వెంట్రుకల ఉండ అనుకుని రోజంతా ఊరుకున్నాను. సాయంత్రం అది నోరు తెరిచి ఆవులించినప్పుడు నాలుక కింద గులాబీ రంగు గీత ఒకటి కనిపించింది. మేడ మీద తెగిపడిన గాలిపటం దారం అది. ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకుని ఉంది, మిగిలినదంతా లోపలికి పోయింది. చెయ్యి పెట్టి లాగబోయాను. డాక్టరుకు ఫోన్ చేస్తే, లాగితే పేగు కోసుకుపోతుందని, కత్తిరించకుండా, ముట్టుకోకుండా అలాగే తీసుకురమ్మని అరిచినంత పని చేశారు. స్కానింగులో పేగు, నాడా లాగిన లంగాలాగా ముడుచుకుపోయి ఉంది. ఆపరేషన్‌తో బతికింది. మల్లెపూల దండ దారమూ అంతే ప్రమాదం. వాడిన పూలను వేసే చెత్తబుట్టకు మూత పెట్టుకోండి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు – తెనాలి నుంచి, ఐదు రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. మాత్ర వేయలేదు, పస్తూ పెట్టలేదు. నాలుక కింద చూశాను, దారం ఏదీ లేదు. మూత్రం బాగానే పోస్తోంది. పాలు మాన్పించి, కోడిమాంసం పథ్యం పెట్టిన మూడో రోజుకు మలం గట్టిపడింది. నీరసం లేదు కాబట్టి, పండును చూసిన డాక్టరు సెలైన్ అవసరం లేదన్నారు.

అయితే అసలు సంగతి వేరొకటి జరిగింది. డాక్టరుగారు చెప్పినట్టు డబ్బాలోకి మలం తీసేటప్పుడు దాని మీద తెల్లని మెతుకు ఒకటి కనిపించింది. అత్తయ్యగారు పెట్టిన అన్నమే అరగక అలాగే పడిందని అనుకున్నాను. చూస్తుండగానే ఆ మెతుకు కొంచెం సాగి, మళ్లీ పొట్టిగా ముడుచుకుంది. అది బద్దెపురుగు ముక్క అని, బొచ్చులో తిరిగే ఫ్లీ పురుగును పిల్లి నాకుతూ మింగినప్పుడు లోపలికి వస్తుందని డాక్టరు చెప్పారు. వరండాకు వచ్చే వీధి పిల్లి నుంచి ఆ ఫ్లీలు అంటి ఉండవచ్చట. విరేచనాలకు కారణం పాలు, మేత మార్పేనని, బద్దెపురుగు పిలవని చుట్టమని ఆయన అభిప్రాయం. బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ మాత్ర బరువును బట్టి వేసి, మెడ వెనుక చర్మం మీద వేసే ఫ్లీ మందు పిల్లుల కోసం తయారైనదే ఇచ్చారు. కుక్కల మందులో పర్మెత్రిన్ ఉంటే పిల్లికి విషమని రెండుసార్లు హెచ్చరించి పంపారు.

కొత్త మేతను ఈ ఉదయం నుంచి పథ్యంలో నాలుగో వంతుగా కలుపుతున్నాను. పాలన్నం గిన్నె కోసం పండు ఇంకా అత్తయ్యగారి మంచం దగ్గరే కూర్చుని అరుస్తోంది. ఆమె కూడా డాక్టరు మాట విన్నారు కాబట్టి, ఇప్పుడు వంటింట్లోకి వెళ్లి నిలబడి, తలుపు దగ్గరగా వేసుకుని పాలు తాగుతున్నారు.