అప్‌డేట్: మహారాష్ట్ర సిరొంచలో మా ఘర్‌కుల్ (సర్కారు సాయంతో కట్టుకునే ఇల్లు), ఒక ఎండాకాలం తర్వాత

పోయినేడు ఇక్కడే మిమ్మల్ని అడిగాను కదా, పాత పెంకుటిల్లు కూల్చి ఘర్‌కుల్ కట్టుకుందామా, ఆగుదామా అని. కట్టేశాం.

మా గడ్చిరోలి జిల్లాకు కేంద్ర పథకం కింద 1.30 లక్షలు, మైదాన జిల్లాలకైతే 1.20. ఉపాధి హామీ కూలి దీనికి అదనం. డబ్బు విడతలుగా వస్తుంది, పని ఎంతవరకు అయిందో ఫోటో ఎక్కిస్తేనే తర్వాతి విడత. మాకు ఒక విడత ఆలస్యమై గోడలు రెండు నెలలు మొండిగా నిలబడ్డాయి. ఆ టెన్షన్‌లో స్లాబ్‌కి అప్పు చేశాం. మీలో ఒకరు ముందే హెచ్చరించారు, నేనే వినలేదు.

నచ్చిందా అంటే, అమ్మకు నచ్చింది. వానకు గిన్నెలు పరచక్కర్లేదు, రాత్రిపూట చెంబు పట్టుకుని బయటికి పోనక్కర్లేదు. నాకు మాత్రం సగమే. 25 చదరపు మీటర్లలో ఐదుగురం, పైగా మేలో స్లాబ్ పెనంలా కాలింది. స్లాబ్ మీద సున్నం కొట్టమన్న అన్నకు థాంక్స్, కాస్త తగ్గింది. అయినా అందరం వాకిట్లో మంచాలేసుకునే పడుకున్నాం.

పాత పెంకులు అమ్మలేదు. వెనక వంటపాకకు వేశాం, అమ్మ పగలంతా అక్కడే ఉంటుంది.