గిటార్ మీద మోహనం వాయిస్తే మోహనంలా ఎందుకు వినిపించడం లేదు?

గుంటూరు తీగలు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. చిన్నప్పటి నుంచి చర్చిలో గిటార్ వాయిస్తున్నాను. కార్డ్స్, రిథమ్ బాగానే వచ్చు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి కదా. మా అమ్మ వాటిని ఆ రాగాల్లోనే పాడుతుంది. ఎక్కడా సంగీతం నేర్చుకోలేదు, వాళ్లమ్మ పాడుతుంటే విని పట్టుకుంది.

ఈమధ్య మోహన రాగం, ఆది తాళం అని ఉన్న ఒక కీర్తన అమ్మ పాడుతుంటే చరణానికీ చరణానికీ మధ్య సొంతంగా ఏదైనా వాయిద్దామని చూశాను. మోహనమంటే మేజర్ పెంటాటోనిక్ స్కేలే (ఐదు స్వరాల స్కేల్) అని నెట్‌లో చదివాను. ఆ స్కేల్ నాకు కొట్టిన పిండి. డి మేజర్‌లో వాయిస్తే స్వరాలన్నీ కరెక్టే, కానీ అమ్మ పాటకూ దీనికీ పొంతనే లేదు. అమ్మ కూడా "బాగుంది గానీ ఇది మన పాట కాదురా" అంది. తేడా ఎక్కడుంది? ఎలక్ట్రిక్ గిటార్ కొనాలా? ఫ్రెట్‌బోర్డ్ స్కాలప్ చేయించాలా (ఫ్రెట్ల మధ్య చెక్కను తొలిపించాలా)? నాది మామూలు అకూస్టిక్, 12 గేజ్ (మందం) తీగలు.

సప్తతంత్రి

ఇప్పుడే ఏమీ కొనకండి. స్వరాల్లో తప్పు లేదు. స రి గ ప ధ, మీ అమ్మగారు పాడేదీ అవే. కానీ ఆవిడ రి పలికేటప్పుడు నేరుగా రి మీద వాలరు, స నుంచి లేచి రి తాకుతారు. ధ కూడా ప స్వరాన్ని ఆనుకుని లేస్తుంది. గిటార్ మీద ఫ్రెట్ నొక్కగానే ధ వచ్చి కూర్చుంటుంది, అక్కడికి ఎలా వచ్చిందో చెవికి తెలియదు. మీకు లోటుగా వినిపిస్తున్నది అదే.

నేను విజయనగరంలో వీణ నేర్చుకున్నాను, గిటార్ ఆ తర్వాత పట్టాను. వీణకు 24 మెట్లు. అంటే అదీ ఫ్రెట్స్ ఉన్న వాద్యమే. దాని మీద గమకం, అంటే స్వరాన్ని ఊపడం, కావాలంటే తీగను మెట్టు మీద పక్కకు లాగుతాం, ఒకే మెట్టు మీద, ఒకే మీటుకు రెండు మూడు స్వరాలు పలికిస్తాం. మీరు బ్లూస్‌లో చేసే బెండ్ లాంటిదే గానీ, అక్కడ పై స్వరం చేరాక ఆగి దాన్ని వణికిస్తారు. ఇక్కడ ఎక్కడమూ దిగడమూ రెండూ వినబడాలి, అదీ తాళం లెక్కలో.

ఒకటి చేసి చూడండి. ఆరో తీగను ఇ నుంచి డి కి, రెండో తీగను బి నుంచి ఎ కి, ఒకటో తీగను ఇ నుంచి డి కి దించండి. ఇప్పుడు లావు తీగ నుంచి చూస్తే డి ఎ డి జి ఎ డి. డి ని స అనుకుంటే అది స ప స మ ప స. రెండో తీగ మీద 5వ ఫ్రెట్ స, 7 రి, 9 గ. ఒకటో తీగ మీద 7 ప, 9 ధ, 12 పై స. స కోసం ఖాళీ తీగ వాడొద్దు, ఖాళీ తీగను లాగలేం కదా.

మోహనంలో అందరూ నేర్చుకునే గీతం ఎత్తుగడ గ గ పా పా, ధ ప సా సా. ముందు మామూలుగా 9 9 7 7, 9 7 12 12 వాయించండి. తర్వాత ధ కోసం 9కి వెళ్లకుండా 7వ ఫ్రెట్ మీదే ఉండి, ప మీటి, తీగను పూర్తి స్వరం దూరం లాగి, మళ్లీ మీటకుండా ప కి దించండి. చూపుడు వేలు, మధ్య వేలు వెనక ఆనించి ఉంగరం వేలితో లాగితే పట్టు దొరుకుతుంది. రి కూడా 5వ ఫ్రెట్ నుంచి అలాగే. గ స్వరాన్ని మాత్రం ఎక్కువ కదిలించక్కర్లేదు, నిలబెట్టినా నిండుగా ఉంటుంది. అన్నిటినీ ఊపేస్తే రాగం చెడుతుంది.

ఇంకొక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. వాయించే ముందు పాడండి. గొంతు బాగుండాల్సిన పని లేదు. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శ్రీనివాస్ గారు దాన్ని వాద్యం మీద పలికించేవారు. అంత చిన్న వాద్యం మీద అంత సంగీతం అలా వచ్చింది. మీకు ఇంట్లోనే పాడేవాళ్లున్నారు. ఆవిడ ఒక్క లైన్ పాడుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, ఆ లైన్ మీ గొంతులోకి వచ్చాకే గిటార్ తీయండి.

మూడో ఫ్రెట్

పైన చెప్పినదానికి తోడు తీగల సంగతి. 12 గేజ్ మీద పూర్తి స్వరం లాగాలంటే వేళ్లు పోతాయి. 10 గేజ్ సెట్ వేసుకోండి. ఒకటి, రెండు తీగలు ఎలాగూ దించుతున్నారు కాబట్టి ఇంకా తేలికవుతాయి. స్కాలప్ అంటే మెట్ల మధ్య చెక్కను తొలవడం. శక్తి అనే ఫ్యూజన్ బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ వాయించిన గిటార్ అలాంటిదే, దానికి అడ్డంగా శ్రుతి తీగలు కూడా ఉండేవి. ఆయన ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నారు కూడా. చేయి బరువుగా ఉంటే స్కాలప్ మీద నొక్కిన ప్రతి స్వరమూ శ్రుతి తప్పుతుంది, అందుకే తొందరపడొద్దు. ఒళ్లో పెట్టుకుని కడ్డీతో వాయించే విశ్వమోహన్ భట్ గారి మోహనవీణ (పేరు వీణే గానీ అదీ మార్చిన గిటారే) దారి పూర్తిగా వేరు.

మీ కార్డ్స్ కూడా ఒకసారి చూసుకోండి. డి, జి, ఎ వేస్తున్నారా? జి కార్డ్‌లో మ వస్తుంది, ఎ కార్డ్‌లో ని వస్తుంది. మోహనంలో ఆ రెండూ లేవు. పూర్తిగా మోహనం స్వరాలతోనే అయ్యే మామూలు కార్డ్స్ డి మేజర్, బి మైనర్ మాత్రమే. ఎ కావాలనిపిస్తే సి షార్ప్ తీసేసి, ఎ, ఇ రెండే మోగించండి.

గుంటూరు తీగలు

సప్తతంత్రి గారూ, ధ స్వరాన్ని 7 నుంచి లాగడం మొదలుపెట్టాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది! కార్డ్స్ సంగతి ఎవరూ చెప్పలేదండీ, జి తీసేయగానే పాట తేటపడింది. ఇంకో రెండు డౌట్లు. చరణాల మధ్య సొంతంగా వాయించడం ఎక్కడ మొదలుపెట్టాలి? అమ్మ శ్రుతి జి. ఈ ట్యూనింగ్‌లో కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపెట్టే క్లిప్) 5లో పెడితే పై స 17కి పోతోంది, నా గిటార్‌లో అక్కడికి చెయ్యి వెళ్లదు.

సప్తతంత్రి

చాలా సంతోషం బాబూ.

శ్రుతికి కేపో అక్కర్లేదు. అదే ట్యూనింగ్‌లో నాలుగో తీగ 5వ ఫ్రెట్ జి. దాన్ని స అనుకోండి. 5 7 9 స రి గ, మూడో తీగ మీద 7 9 12 ప ధ స. వేళ్ల అమరిక ఇంతకుముందుదే, ఒక్కటీ మారదు. ఖాళీ మూడో తీగ స, ఖాళీ డి తీగలు ప, శ్రుతికి అవి చాలు. కాకపోతే మూడు, నాలుగు చుట్టు తీగలు (పైన సన్నని తీగ చుట్టినవి) కాబట్టి లాగడం కష్టం. అక్కడ ప నుంచి ధ కి జారు వేయండి, అంటే 7 నుంచి 9కి వేలు ఎత్తకుండా జరిగి వెనక్కి రండి. కార్డ్స్ కూడా మారతాయి, డి స్థానంలో జి, బి మైనర్ స్థానంలో ఇ మైనర్.

ఇక సొంతంగా వాయించడం. కల్పనస్వరంలో, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటంలో, ముందు చూసుకునేది ఎక్కడికి తిరిగి రావాలన్నదే. మీ పల్లవి గ మీద ఎత్తుకుంటుంటే మీరు పక్కనున్న రి మీదో ప మీదో ఆగాలి, అప్పుడు పల్లవి తనంతట తనే అందుకుంటుంది. నాలుగు దెబ్బల్లో, దెబ్బకు రెండు స్వరాలు, స రి గ ప ధ ప గ రి. వెంటనే పల్లవి. ఇది తాళం వేస్తూ పాడగలిగాక ముందు భాగం పెంచండి, చివర కదపకండి. గ ప ధ స ధ ప గ రి, స రి గ ప ధ ప గ రి. ఆది తాళం ఒక ఆవర్తం (ఎనిమిది దెబ్బల ఒక చుట్టు) సరిపోయింది. పల్లవి దెబ్బ మీద కాకుండా కాస్త తర్వాత ఎత్తుకుంటే ఆ ఖాళీ కూడా లెక్కలో కలుపుకోండి. ఆ తర్వాత అన్నీ సమంగా పరిగెత్తించకుండా ఎక్కడో ఒక పా స్వరాన్ని రెండు దెబ్బలు నిలపండి.

దీని తర్వాత హంసధ్వని రాగం పట్టుకోండి. మోహనంలో ధ తీసి ని పెడితే దాని స్వరాలు వచ్చేస్తాయి, కార్డ్స్ కూడా బాగా అమరుతాయి. స డి అయితే డి, ఎ, ఎఫ్ షార్ప్ మైనర్ మూడూ సరిపోతాయి. తోడి రాగం మాత్రం ఇప్పుడే వద్దు. అందులో గ స్వరాన్ని దాని మెట్టు మీద నిలబెట్టరు, కింది రి కీ పైన మ కీ మధ్య ఊగిస్తారు. ముందు పూర్తి స్వరం లాగి శ్రుతి తప్పకుండా దించడం చేతికి రావాలి.