డిజిటల్ ప్యానెల్ వాడటం వచ్చింది, మరి బోధనను ఎలా మెరుగుపరచుకోవాలి?

ప్రశ్న: భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, మలక్‌పేట

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎనిమిది నుంచి పది తరగతులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (తాకి పనిచేయించే పెద్ద డిజిటల్ తెరలు) ఉన్నాయి. ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదిక దీక్షపై నిష్ఠ అనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సులు పూర్తి చేశాను, తెలంగాణ ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్‌లో పాఠాలు చూస్తుంటాను, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు తప్పకుండా హాజరవుతాను. తెరపై రాయడం, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ద్వారా వీడియో చూపించడం వంటి పనుల్లో నాకు ఇబ్బంది ఏమీ లేదు.

అయితే పదో తరగతిలో విద్యుత్ ప్రవాహం పాఠానికి చక్కటి వీడియో చూపించి, మరుసటి రోజు ప్రశ్నిస్తే, బల్బు గుండా వెళ్లేసరికి కరెంటు కొంత ఖర్చయిపోతుందని చాలామంది పిల్లలు జవాబు చెప్పారు. ప్యానెల్ రాకముందు నల్లబల్లపై బోధించినప్పుడు కూడా ఇదే జవాబు వచ్చేది. సాంకేతికత విషయంలో ఉపాధ్యాయురాలిగా నేను తర్వాత నేర్చుకోవలసింది ఏమిటి? మరో కోర్సులో చేరాలా, లేక తరగతి గదిలోనే ఏదైనా మార్చుకోవాలా? మా పిల్లల చేతుల్లో ఫోన్లు, ట్యాబ్‌లు ఉండవని, పదో తరగతి సిలబస్ ఒత్తిడి ఎలాగూ ఉంటుందని దృష్టిలో పెట్టుకుని సూచించగలరు.

జవాబు: భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్

మేడమ్, మీరు చెప్పిన ఉదాహరణనే తీసుకుందాం. కరెంటు బిల్లు, కరెంటు ఆదా అనే మాటలు ఇంట్లో రోజూ వినే పిల్లలకు బల్బు కరెంటును తినేస్తుందని అనిపించడం సహజమే. ఈ అపోహ మన పిల్లలకే పరిమితం కాదు, అనేక దేశాల్లో విజ్ఞానశాస్త్ర బోధనపై పరిశోధించినవారు దీన్ని గుర్తించారు. వీడియో ఎంత బాగున్నా దాన్ని కదిలించలేకపోవడానికి కారణం ఒక్కటే: వీడియో చూసే పిల్లవాడు తన అభిప్రాయం ఏమిటో ముందుగా చెప్పవలసిన అవసరం రాదు, కాబట్టి తాను అనుకున్నదానికి, తెరపై జరుగుతున్నదానికి తేడా ఉందన్న సంగతి కూడా అతను గమనించడు.

అందువల్ల నేను ఆ పీరియడ్‌ను ఇలా నడుపుతాను. రెండు బల్బులను శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపిన విద్యుత్ వలయాన్ని బోర్డుపై గీసి, మొదటి బల్బుకు ముందు, రెండు బల్బుల మధ్య, రెండో బల్బు తర్వాత అమ్మీటరు (కరెంటును కొలిచే పరికరం) రీడింగులు సమానంగా ఉంటాయా, తగ్గుతూ వస్తాయా అని అడిగి, ప్రతి ఒక్కరూ జవాబును, దానికి కారణాన్ని నోటుపుస్తకంలో రాసేదాకా ఏమీ చూపించను. తర్వాత పక్కనున్నవారితో వాదించుకోమంటాను. ఈ దశలో తరగతి గోలగోలగా ఉంటుంది, ఆ గోల అవసరమే. ఆ తర్వాతే ప్యానెల్‌పై ఫెట్ సిమ్యులేషన్లలోని (ప్రయోగాలను తెరపై చేసి చూసే ప్రోగ్రాముల్లోని) వలయ నిర్మాణ కిట్ తెరిచి, ఒక విద్యార్థినిని పిలిచి మూడు చోట్లా అమ్మీటరు పెట్టమంటాను. మూడు రీడింగులూ ఒకటే అని చూశాక, మరి బల్బు తీసుకున్నది ఏమిటన్న ప్రశ్న పిల్లల నుంచే వస్తుంది. వలయంలో ప్రవహించే విద్యుదావేశం తగ్గదు, శక్తి మాత్రమే బల్బులో కాంతిగా, ఉష్ణంగా మారుతుందని చెప్పడానికి అదే తగిన సమయం.

ఈ సిమ్యులేషన్లను అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించారు. ఇవి ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఇంటి దగ్గరే ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే బడిలో నెట్ లేకున్నా పని జరుగుతుంది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. మనం మార్చితే తప్ప సిమ్యులేషన్‌లోని బ్యాటరీకి అంతర్నిరోధం (బ్యాటరీ లోపలే కరెంటుకు ఎదురయ్యే అడ్డు) ఉండదు, కాబట్టి ఎన్ని బల్బులను సమాంతరంగా కలిపినా కాంతి తగ్గదు. ప్రయోగశాలలోని పాత విద్యుత్ ఘటంతో (సెల్‌తో) అదే చేస్తే బల్బులు మసకబారుతాయి. ఈ తేడాను పిల్లలే కనిపెడితే అంతర్నిరోధం గురించి మాట్లాడటానికి అంతకన్నా మంచి సందర్భం దొరకదు.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, వనస్థలిపురం

పై సార్ చెప్పిన పద్ధతి బాగుంది కానీ, ప్రయోగశాలలో రెండు ఘటాలు, రెండు బల్బులు, ఒక అమ్మీటరు ఉన్నప్పుడు ముందుగా వాటినే పిల్లల చేతికి ఇవ్వాలన్నది నా అభిప్రాయం. కంటికి కనిపించనిదాన్ని, చేతితో త్వరత్వరగా మార్చి చూపలేనిదాన్ని చూపడానికే ప్యానెల్ కావాలి. పుటాకార దర్పణం ముందు వస్తువును వక్రతా కేంద్రానికి ఆవల నుంచి నాభి దాకా జరుపుతూ ప్రతిబింబం ఎలా మారుతుందో చూపించడం అలాంటి పని. సుద్దముక్కతో గీసే చిత్రాల మధ్య ఆ కదలిక కనపడదు. ప్యానెల్ ఎంతసేపు వెలిగిందని లెక్కలు అడిగే అధికారులు ఉండవచ్చు, ఆ లెక్కకూ బోధన నాణ్యతకూ సంబంధం లేదు. ప్యానెల్ అవసరం లేని పాఠాన్ని గుర్తించగలగడం కూడా ఉపాధ్యాయుడి ఎదుగుదలే.

జవాబు: ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అధ్యాపకురాలు, తార్నాక

విశ్రాంత ప్రధానోపాధ్యాయులు గారి మాటను గౌరవిస్తూనే, ఒక విషయం చేర్చదలిచాను. విషయ పరిజ్ఞానం ఒకటి, దాన్ని పిల్లలకు అందేలా చెప్పే నేర్పు మరొకటి అయినా, ఈ రెండూ కలిసినచోటే ఉపాధ్యాయుడి ప్రత్యేక జ్ఞానం ఉంటుందని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ప్రతిపాదించారు. 2006లో పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ అనే పరిశోధకులు దానికి సాంకేతిక జ్ఞానాన్ని జోడించారు. మేడమ్ ఇప్పటిదాకా తీసుకున్న శిక్షణ ఎక్కువగా సాధనానికి సంబంధించినది. అది వృథా కాదు. ఫైలు తెరవడానికే తడబడే ఉపాధ్యాయుడికి పిల్లల అపోహల మీద దృష్టి పెట్టే తీరిక ఉండదు. ఇక మిగిలిన పని, ఈ పాఠంలో, ఈ అపోహకు, ఈ సాధనం ఎలా పనికొస్తుందన్న నిర్ణయం. దాన్ని ఏ కోర్సూ ముందుగా తయారు చేసి ఇవ్వలేదు.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి కేటాయించాలని చెబుతూనే, ఆ అభ్యసనం వారి సొంత ఆసక్తులను అనుసరించి సాగాలని కూడా పేర్కొంది. గంటలను అందరూ గుర్తుంచుకుంటారు, రెండో భాగాన్ని ఎవరూ ప్రస్తావించరు. మీరు ఒక్క యూనిట్‌ను ఎంచుకుని, పాఠానికి ముందు, తర్వాత ఒకే ప్రశ్న అడిగి, పిల్లల జవాబులను దాచిపెట్టండి. మీ బడిలోనే గణితమో జీవశాస్త్రమో చెప్పే ఒకరిని తరగతి చివర కూర్చోబెట్టి, మిమ్మల్ని కాకుండా పిల్లలను గమనించమని కోరండి: ఎవరు మాట్లాడారు, ఎవరు మౌనంగా ఉన్నారు, తెర వైపు చూస్తూ ఎవరి ధ్యాస ఎటు పోయింది. ఆ వివరాలను స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చర్చకు పెడితే, తోటి భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకూ అది పనికొస్తుంది.

జవాబు: గణిత ఉపాధ్యాయుడు, కూకట్‌పల్లి

పిల్లల దగ్గర ఫోన్లు లేకున్నా అందరి జవాబులనూ ఒకేసారి సేకరించవచ్చు. ప్లికర్స్ అనే యాప్‌లో ఒక్కో విద్యార్థికి ఒక్కో కాగితపు కార్డు ఉంటుంది. కార్డును తిప్పి పట్టుకునే దిశను బట్టి అది ఎ, బి, సి, డి లలో ఒక జవాబు అవుతుంది. ఉపాధ్యాయుడి ఫోన్ కెమెరా వాటిని చదువుతుంది. పక్కవాడి కార్డు చూసి జవాబు పోల్చుకోవడం కష్టం కనుక మొహమాటం ఉన్న పిల్లలూ ధైర్యంగా కార్డు ఎత్తుతారు. యాప్‌లో పేర్లకు బదులు రోల్ నంబర్లే నమోదు చేయండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారం విషయంలో తల్లిదండ్రుల అంగీకారం ఉండాలంటోంది.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు

అందరికీ ధన్యవాదాలు. విద్యుత్ ప్రవాహం యూనిట్‌నే ఎంచుకుంటున్నాను. ఒక సెక్షన్‌లో ముందు నిజమైన ఘటాలు, బల్బులతో చేయించి తర్వాత సిమ్యులేషన్ చూపిస్తాను, రెండో సెక్షన్‌లో ఈ క్రమాన్ని తిరగేస్తాను. రెండింటిలోనూ ముందూ వెనుకా అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది. పిల్లలను గమనించడానికి మా జీవశాస్త్రం మేడమ్ ఒప్పుకున్నారు. సికింద్రాబాద్ సార్‌కు ఒక విన్నపం: మీరు వలయం గీసి అడిగే ప్రశ్నను యథాతథంగా ఇక్కడ పెట్టగలిగితే, రెండు బడుల పిల్లల జవాబులను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.